తెలుగు పుస్తకం అచ్చు వేయించడం: రాతప్రతి నుంచి కట్టలు ఇంటికి చేరేదాకా

అచ్చయిన పుస్తకం చేతికి వచ్చాక కనిపించే లోపాల్లో చాలావాటికి మిషను కారణం కాదు. పేజీలు ముందే లెక్కవేసుకోకపోవడం, ఫాంటు మార్చినప్పుడు వత్తులు చూసుకోకపోవడం, కాగితం పేరు కొటేషన్‌లో రాయించుకోకపోవడం లాంటివి ప్లేటు (మిషను మీద అచ్చువేసే లోహపు రేకు) ఎక్కకముందే జరిగిపోతాయి. ప్లేటుకు ముందు తప్పు దిద్దడానికి పెన్సిల్ చాలు. ప్లేటు అయ్యాక దిద్దాలంటే ప్లేటు డబ్బు పోతుంది, అచ్చయ్యాక కాగితం డబ్బు పోతుంది, బైండింగ్ కూడా అయిపోతే పుస్తకమే పోతుంది. అందుకే ఇక్కడ మిషను గురించి కంటే బల్ల మీది పని గురించే ఎక్కువ చెబుతున్నాం.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒకే ఉదాహరణను చివరిదాకా తీసుకెళ్దాం: డెమ్మీ 1/8 సైజు, 208 పేజీలు, లోపల ఒకే రంగు, రంగుల అట్ట, 500 కాపీలు. కథలకు, నవలకు, వ్యాసాలకు మన దగ్గర ఎక్కువగా వాడే కొలతలు ఇవే.

మొదట సైజు, ఆ వెంటనే ఫారాల లెక్క

డెమ్మీ 1/8 పుస్తకం 23×36 అంగుళాల షీటు నుంచి వస్తుంది. ఆ షీటును అటు నాలుగు, ఇటు నాలుగు భాగాలు చేస్తే 5.75×9 అంగుళాల ఆకులు 16 వస్తాయి. రెండు వైపులా కలిపితే 32 పేజీలు. మూడు అంచులూ కోశాక మిగిలేది 5.5×8.5 అంగుళాలు, అంటే 140×216 మిల్లీమీటర్లు. క్రౌన్ 1/8 చిన్న పుస్తకానికి 20×30 షీటు వాడతారు, కోశాక దాదాపు 4.75×7.25 అంగుళాలు ఉంటుంది. ఈ కొలతలు కాదని 6×8 లాంటి సొంత సైజు పెట్టుకోవచ్చు కానీ, షీటులో మిగిలిపోయే కాగితానికి కూడా మీరే డబ్బు కట్టాలి.

ప్రెస్సులో పుస్తకాన్ని పేజీల్లో కాదు, ఫారాల్లో లెక్కిస్తారు. ఒక ఫారం 16 పేజీలు, అంటే సగం షీటు. 208 పేజీలంటే సరిగ్గా 13 ఫారాలు. అదే 212 పేజీలయితే ఆ చివరి నాలుగు పేజీలకు విడిగా ప్లేటు, విడిగా మడత, చేత్తో చొప్పించే పని. కాబట్టి పేజీలు 16తో భాగించబడాలి, కుదరకపోతే కనీసం 8తో. ఇన్నర్ టైటిల్, ఇంప్రింట్ పేజీ (ముద్రణ వివరాలుండే పేజీ), అంకితం, ముందుమాట, విషయసూచిక, చివరి ఖాళీ పేజీలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. రాతప్రతి ఎన్ని పేజీలవుతుందో తెలియాలంటే ఊహించడం కంటే ఒక అధ్యాయంలో నాలుగు పేజీలు అసలు ఫాంటులో, అసలు మార్జిన్లతో కంపోజ్ చేయించి, పేజీకి సగటున ఎన్ని మాటలు పట్టాయో లెక్కపెట్టి, మొత్తం మాటల సంఖ్యను దానితో భాగించండి.

కాగితం

మామూలు పుస్తకాలకు మ్యాప్‌లితో అనే పూతలేని కాగితం వాడతారు. దాని మందాన్ని జీఎస్‌ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెబుతారు. 60 జీఎస్‌ఎం కాగితంలో వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తాయి, అందుకని 70 జీఎస్‌ఎంకు తగ్గవద్దు. కవిత్వంలా పలచని పుస్తకమైతే 80 వాడితే చేతికి కాస్త నిండుగా ఉంటుంది. తెల్లటి మ్యాప్‌లితో కంటే పాలమీగడ రంగులో ఉండే నేచురల్ షేడ్ ఎక్కువసేపు చదివేవాళ్ల కళ్లకు హాయి. రెండింటి నమూనా ఆకుల మీద అచ్చయిన పేజీ చూపించమని అడిగి, వెలుతురులో పట్టుకుని చూశాకే ఎంచుకోండి.

మన ఉదాహరణకు కాపీకి ఆరున్నర షీట్లు కావాలి. 500 కాపీలకు 3,250 షీట్లు, అంటే రీముకు 500 చొప్పున ఆరున్నర రీములు. ప్రతి ఫారానికీ రంగు కుదిరేదాకా కొన్ని షీట్లు పాడవుతాయి. 500 కాపీల పనికి 7 నుంచి 10 శాతం తరుగు పెట్టుకోవడం న్యాయం, కాబట్టి 7 రీములు తీసుకోవాలి. కాపీలు పెరిగేకొద్దీ తరుగు శాతం తగ్గుతుంది. 23×36 సైజులో 70 జీఎస్‌ఎం రీము బరువు దాదాపు 18.7 కిలోలు. కాగితం మీరే కొనిచ్చినా, ప్రెస్సు వాళ్లే తెచ్చినా ఈ అంకె గుర్తుంచుకోండి. రీము మీది చీటీలో బరువు దీనికంటే బాగా తక్కువ ఉంటే అది 70 కాదు.

మరొక సంగతి చాలామంది అడగరు. కాగితంలో నారలు ఒక దిక్కుగా పరుచుకుని ఉంటాయి, దాన్ని గ్రెయిన్ అంటారు. అది పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా పడితే పుస్తకం తెరిచినప్పుడు బిగదీసుకుని మూసుకుపోతుంది, వానాకాలం వెన్ను దగ్గర పేజీలు అలల్లా లేస్తాయి. డెమ్మీ 1/8కు గ్రెయిన్ 36 అంగుళాల వైపు నడవాలి. చూడటం తేలిక: చిన్న ముక్క చింపి ఒకవైపు తడి చేయండి. కాగితం గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవు దిక్కే గ్రెయిన్. చింపినప్పుడు కూడా గ్రెయిన్ వెంబడి తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా అయితే వంకరలు పోతుంది.

కంపోజింగ్: తెలుగుకే ఉన్న చిక్కులు

మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ రెండు దారులున్నాయి. ఒకటి పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లు. రెండోది అలాంటిదే అయిన ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఫాంట్లు, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే అక్షరాలు. అనులో అక్షరాల కూర్పు అందంగానే ఉంటుంది కానీ, లోపల ఉన్నవాటిని కంప్యూటర్ తెలుగు అక్షరాలుగా గుర్తించదు. మాట వెతకలేరు, ఈ-బుక్‌గా మార్చాలంటే మళ్లీ మొదటికి రావాలి. కొత్తగా మొదలుపెట్టే పుస్తకానికి యూనికోడే మంచిది. మండలి, పోతన 2000, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. శీర్షికలకు వాడే మోటైన, ముద్దగా ఉండే ఫాంట్లు పుస్తకం లోపలి పాఠానికి పనికిరావు.

ఇన్‌డిజైన్‌లో తెలుగు పెట్టేటప్పుడు పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే గుణింతాలు విడిపోతాయి, వత్తు అక్షరం కిందికి చేరకుండా పొల్లుతో పక్కన నిలబడుతుంది. పేరాగ్రాఫ్ స్టైలులోనే ఇది పెట్టేస్తే ఒక పేరా తప్పించుకునే అవకాశం ఉండదు.

అను నుంచి యూనికోడ్‌కు, వర్డ్ నుంచి ఇన్‌డిజైన్‌కు పాఠం మారిన ప్రతిసారీ ఒక పరీక్ష పెట్టండి. రాష్ట్రం, స్వాతంత్ర్యం, జ్యోత్స్న, వైశిష్ట్యం, లక్ష్మి, హృదయం, జ్ఞానం అన్న మాటలు పాఠంలో వెతికి ఒక్కొక్కటీ చూడండి. తర్వాత ఆఫ్‌సెట్, సాఫ్ట్‌వేర్, హైకోర్ట్‌లో లాంటి మాటలు చూడండి. వీటిలో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విరామ సంకేతం ఉంటుంది. మార్పిడిలో అది జారిపోతే ‘ఆఫ్‌సెట్’ కాస్తా ‘ఆఫ్సెట్’ అవుతుంది, ‘కోర్ట్‌లో’ అన్నది ‘కోర్ట్లో’ అయిపోతుంది. పుస్తకం నిండా ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటలుంటే ఈ ఒక్క తప్పే వందల చోట్ల పడుతుంది.

ఇక వరుసల మధ్య ఎడం. ఇంగ్లిష్ పుస్తకాల కొలతలు తెచ్చి తెలుగుకు పెడితే వరుసలు కొట్టుకుంటాయి. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. 12 పాయింట్ల అక్షరానికి వరుస నుంచి వరుసకు 17 లేదా 18 పాయింట్ల ఎడం కావాలి (అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు). పై వరుసలో ‘రాష్ట్ర’, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ పడేలా ఒక పేరా పేర్చి అచ్చుతీసి చూడండి. ట వత్తు కింద వేలాడే ర వత్తు, కింది వరుస గుడి దీర్ఘాన్ని తాకితే ఎడం చాలలేదన్నమాట. తెర మీద చూసి నిర్ణయించవద్దు, కాగితం మీదే చూడాలి.

140×216 పేజీకి పని చేసే మార్జిన్లు: లోపలి వైపు 20, బయట 15, పైన 18, కింద 20 మిల్లీమీటర్లు. అప్పుడు పాఠం ఎత్తు 178 మిల్లీమీటర్లు, అంటే 504 పాయింట్లు. 18తో భాగిస్తే సరిగ్గా 28 వరుసలు. ఎదురెదురు పేజీల్లో వరుసలు ఒకే మట్టంలో ఉండటానికి ఈ లెక్క కుదరాలి. పేజీలు మిగుల్చుకుందామని లోపలి మార్జిన్‌ను 12కు తగ్గిస్తే, పాఠకుడు ప్రతి పేజీలోనూ వెన్ను విరిచి చదవాలి. జిగురు ఊడేది అక్కడే.

తెలుగులో సమాసాలు పొడవు. రెండు అంచులూ సమం చేసినప్పుడు పొడవాటి మాట కింది వరుసకు దిగిపోయి, పైవరుసలో మాటల మధ్య గుంతలు పడతాయి. అలాంటి చోట మాటను అక్షరం పూర్తయ్యాక విరవండి. హల్లునూ దాని వత్తునూ విడదీయకూడదు. ఒంటి అక్షరాన్ని వరుస చివర గానీ మొదట గానీ వదలకపోతే చూడటానికి బాగుంటుంది.

నలుపు విషయం చిన్నదే గానీ పుస్తకం మొత్తాన్ని పాడుచేస్తుంది. పాఠం నూటికి నూరు పాళ్లు నల్ల ఇంకుతోనే ఉండాలి. వర్డ్ నుంచి నేరుగా తీసిన పీడీఎఫ్‌లో నలుపు ఆర్‌జీబీ (తెర కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి చేసే) రంగుగా ఉండిపోతుంది. ఒకే రంగులో వేసేటప్పుడు అది ముదురు బూడిద అయ్యి, అక్షరాల అంచులు చుక్కలు చుక్కలుగా వస్తాయి. అక్రోబాట్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి నల్ల ప్లేటు ఆపేయండి. పేజీ మొత్తం ఖాళీ అవ్వాలి. ఏ అక్షరమైనా మిగిలిందంటే దాన్ని దిద్దాలి.

ప్రూఫులు

మూడు ప్రూఫులకు తగ్గితే తప్పులు మిగులుతాయి. మొదటిది ఇద్దరు కలిసి చూడాలి: ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫులో వేలు పెట్టి వెళ్లాలి. ఎగిరిపోయిన వాక్యాలు, రెండుసార్లు పడ్డ పేరాలు ఇలా తప్ప దొరకవు. రెండోది రచయిత కాని మనిషి చూడాలి. రచయిత కన్ను అక్కడ ఉన్నది కాక తాను రాసింది చదువుతుంది. ల-ళ, న-ణ, శ-ష-స, ద-ధ, హ్రస్వ దీర్ఘాలు ఈ విడతలో పట్టుకోవాలి. మూడో ప్రూఫు దిద్దుబాట్లు సరిగా చేశారా, చేసేటప్పుడు కొత్త తప్పులు పడ్డాయా అన్నది చూడటానికి.

అందరూ వదిలేసేవి పెద్ద అక్షరాలు. అట్ట మీది పేరు, అధ్యాయాల శీర్షికలు, పేజీ పైన నడిచే పుస్తకం పేరు, విషయసూచికలోని అంకెలు విడిగా, పాఠం చదవకుండా, వాటికోసమే ఒకసారి చూడండి. విషయసూచిక అంకెలు మూడో ప్రూఫు తర్వాతే వేయించండి.

ఇంప్రింట్ పేజీ, ఐఎస్‌బీఎన్

పుస్తకం పేరు, ప్రక్రియ, రచయిత, కాపీరైటు ఎవరిది, ఏ ముద్రణ, ఏ నెల, ఎన్ని ప్రతులు, వెల, ప్రతులు దొరికే చోటు, ముద్రణ ఎక్కడ, అట్ట బొమ్మ ఎవరిది అన్నవి ఇక్కడ ఉండాలి. పుస్తకాన్ని ప్రపంచంలో ఎక్కడైనా గుర్తించే నంబరు ఐఎస్‌బీఎన్. దాన్ని మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. కంపోజింగ్ మొదలైన రోజే దరఖాస్తు పెట్టండి. దాని కోసం అట్ట ఆగిపోతే ప్రెస్సులో మీ వంతు పోతుంది. పేపర్‌బ్యాక్‌కు, గట్టి అట్టకు, ఈ-బుక్‌కు వేర్వేరు నంబర్లు కావాలి. బార్‌కోడ్ తెల్లటి నేల మీద నల్లగా, కొలత 80 శాతానికి తగ్గకుండా ఉండాలి. ఎర్ర గీతలతో వేస్తే స్కానర్ చదవలేదు.

బొమ్మలు, అట్ట

ఫొటో ఎంత సైజులో అచ్చవుతుందో ఆ సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. 4 అంగుళాల వెడల్పు బొమ్మకు 1,200 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపించుకోండి. మ్యాప్‌లితో ఇంకు పీల్చుకుంటుంది కాబట్టి నలుపు తెలుపు ఫొటోలు తెర మీద కంటే ముదురుగా వస్తాయి. ముందే కాస్త వెలుగు పెంచాలి. గీతబొమ్మలను 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి.

పేపర్‌బ్యాక్ అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డ్ (పూత ఉన్న మందపాటి కాగితం) సరిపోతుంది. అట్ట డిజైన్‌ను ముందు, వెనక, వెన్ను కలిపి ఒకే ఫైలుగా చేయాలి. వెన్ను మందం ఊహించి పెట్టడం వల్లే వెన్ను మీది పేరు ముందు అట్ట మీదికి జారుతుంది. అదే కాగితంలో 104 ఆకులు తీసి, గట్టిగా నొక్కి, కొలవండి. 70 జీఎస్‌ఎంలో దాదాపు 9 నుంచి 10 మిల్లీమీటర్లు వస్తుంది. 10 అనుకుంటే ఫైలు వెడల్పు: 3 + 140 + 10 + 140 + 3, అంటే 296 మిల్లీమీటర్లు, ఎత్తు 222. ఆ మూడేసి మిల్లీమీటర్లు కోతలో పోయేవి, రంగు అక్కడిదాకా పాకాలి. అక్షరాలు మాత్రం కోత గీతకు 5 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి.

డిజిటలా, ఆఫ్‌సెటా?

డిజిటల్‌లో ఫైలు నుంచి నేరుగా అచ్చవుతుంది, ప్లేటు లేదు. ఎన్ని కాపీలైనా కాపీ ఖర్చు దాదాపు ఒకటే. ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్‌లో మొదటి కాపీకే పెద్ద ఖర్చు, ఆ తర్వాత కాపీకి కాగితం, ఇంకు, బైండింగే. మన 208 పేజీలకు 23×36 మిషను మీద పెద్ద షీట్లు ఆరింటికి పన్నెండు ప్లేట్లు, మిగిలిన 16 పేజీలకు ఒకటి, మొత్తం 13 ప్లేట్లు. ఆ చివరి దాన్ని ఒకే ప్లేటుతో షీటుకు రెండు వైపులా వేసి మధ్యకు కోస్తే రెండు కాపీల ఫారాలు వస్తాయి. 18×23 మిషను అయితే 26 ప్లేట్లు. కాబట్టి ఏ మిషను మీద వేస్తారో అడగడం ధర అడగడంతో సమానం.

రెండిటికీ కొటేషన్లు తీసుకుని ఇలా లెక్కవేయండి. ప్లేట్లు, మిషను సెట్టింగు కలిపి 24,000 రూపాయలు, ఆపైన కాపీకి 50 అని ఆఫ్‌సెట్ వాళ్లు, కాపీకి 130 అని డిజిటల్ వాళ్లు చెప్పారనుకుందాం. తేడా 80. 24,000ను 80తో భాగిస్తే 300. అంతకు మించి వేస్తేనే ఆఫ్‌సెట్ చవక. కానీ అమ్ముడుపోని కాపీని లెక్కలోకి తీసుకుంటే చవక ఎప్పుడూ చవక కాదు. వంద మందికే పుస్తకం చేరుతుందని తెలిసినప్పుడు వంద వేయించి, కావాలంటే మళ్లీ వేయించుకోవడమే నయం.

కొటేషన్ నోటి మాటగా వద్దు. ఇలా రాసి పంపండి: ‘డెమ్మీ 1/8, కోశాక 140×216 మి.మీ., 208 పేజీలు, లోపల ఒకే రంగు, 70 జీఎస్‌ఎం నేచురల్ షేడ్ మ్యాప్‌లితో, ఫలానా మిల్లు. అట్ట 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డ్, ఒకవైపు నాలుగు రంగులు, మ్యాట్ లామినేషన్. సెక్షన్ కుట్టు వేసి పర్ఫెక్ట్ బైండింగ్. 500 కాపీలు. ప్లేట్లు, తరుగు, పన్ను, ప్యాకింగ్, రవాణా కలిపి ధర.’ అచ్చయిన పుస్తకం అమ్మకానికి జీఎస్టీ లేదు గానీ, కాగితానికీ ముద్రణ పనికీ పన్ను ఉంటుంది. అది కలిపారో లేదో రాయించుకోకపోతే బిల్లు చూశాక గొడవ.

నవంబరు నుంచి జనవరి దాకా ప్రెస్సులు క్యాలెండర్లు, డైరీలతో నిండి ఉంటాయి. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో పుస్తకం రావాలంటే అక్టోబరు దాటకుండా తుది పీడీఎఫ్ ఇచ్చేయండి.

ప్లేటుకు ముందు చివరి చూపు

ప్రెస్సుకు ఓపెన్ ఫైలు (దిద్దడానికి వీలుండే ఇన్‌డిజైన్, పేజ్‌మేకర్ ఫైలు) ఇవ్వొద్దు. అక్కడి కంప్యూటర్లో ఫాంటు వెర్షన్ వేరైతే అక్షరాలు కలగాపులగం అవుతాయి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి. ప్లేటుకు వెళ్లే ముందు వాళ్లు పేజీలు పేర్చిన ఫారం ప్రింటు చూపించమనండి.

పేజీల పేర్పు సరిగ్గా ఉందో లేదో మీరే చూడొచ్చు. ఒక కాగితాన్ని మూడుసార్లు సగానికి మడవండి. మడతలు కొయ్యకుండానే, ఆకు మూలలు ఎత్తి 1 నుంచి 16 వరకు అంకెలు వేయండి. ఇప్పుడు విప్పితే ఒకవైపు 1 పక్కన 16, 4 పక్కన 13, 5 పక్కన 12, 8 పక్కన 9 ఉంటాయి. వెన్ను మడత దగ్గర కలిసే ఏ జంటను కూడినా 17 రావాలి. ఫారం ప్రింటులో ఏ జంటైనా 17 కాకపోతే అక్కడ పేజీ తారుమారైనట్టే. రెండో ఫారం 17 నుంచి 32 దాకా ఉంటుంది కాబట్టి దానిలో జంటల మొత్తం 49.

అచ్చు మొదలైన రోజు వీలైతే వెళ్లండి. మొదటి ఫారం షీటును పక్కన పెట్టుకుని తర్వాతి ఫారాల నలుపును దానితో పోల్చమనండి. ఇంకు సమంగా లేకపోతే పుస్తకం సగంలో అక్షరాలు వెలిసినట్టు కనిపిస్తాయి. వానాకాలంలో ఆర్ట్ కార్డ్ మీద ఇంకు ఆలస్యంగా ఆరుతుంది. అట్టలను తొందరపడి దొంతరగా పేరిస్తే పై అట్ట వెనక్కి కింది అట్ట రంగు అంటుకుంటుంది. ఆరాకే లామినేషన్.

బైండింగ్

80 పేజీల లోపు పుస్తకానికి సెంటర్ పిన్ (నడిమి మడతలో పిన్నులు కొట్టడం) చాలు. అంతకు మించితే పర్ఫెక్ట్ బైండింగ్. ఇందులో రెండు రకాలున్నాయి. ఫారాల వెన్ను కోసేసి, గరుకు చేసి, వేడి జిగురుతో అట్ట అంటించడం మామూలు పద్ధతి. ఫారాలను దారంతో కుట్టి ఆపైన అట్ట అంటించడం సెక్షన్ కుట్టు. 300 పేజీలు దాటినవీ, గ్రంథాలయాల్లో పదేపదే తెరిచేవీ, నిఘంటువులూ కుట్టు లేకుండా చేయించకండి. వేడి జిగురు పాతబడేకొద్దీ పెళుసుబారి, తెరిచినచోట పగులుతుంది. నున్నటి ఆర్ట్ పేపర్ మీద అసలే పట్టు తక్కువ. పీయూఆర్ (పాలీయురేథేన్) జిగురు అందుబాటులో ఉన్న బైండర్ అయితే అది మేలు.

లామినేషన్ ఒకవైపే ఉంటుంది కాబట్టి, చెమ్మ గాలిలో అట్ట లోపలి వైపు తేమ పీల్చి సాగుతుంది. అట్ట బయటికి వంగి నోరు తెరుచుకుంటుంది. బైండింగ్ అయ్యాక ఒక రోజు బరువు కింద ఉంచితే కొంత తగ్గుతుంది. మ్యాట్ లామినేషన్ అందంగా ఉంటుంది గానీ ముదురు రంగు అట్టల మీద గీతలు ఇట్టే కనిపిస్తాయి.

కట్టలు తీసుకునేటప్పుడు

డబ్బు పూర్తిగా చెల్లించే ముందు వేర్వేరు కట్టల నుంచి పది కాపీలు తీయండి. ప్రతిదానిలో 16, 32, 48 ఇలా ఫారం మారే పేజీల దగ్గర తెరిచి వరుస చూడండి. ఫారం ఎగిరిపోవడం, ఒకే ఫారం రెండుసార్లు పడటం, తలకిందులు కావడం ఇక్కడే దొరుకుతాయి. మధ్యలో తెరిచి ఒక ఆకును మెల్లగా లాగండి, జిగురు నుంచి ఊడి రాకూడదు. అట్ట కోత మూలమట్టంగా ఉందో చూడటానికి రెండు కాపీలను వీపు వీపు ఆనించి బల్ల మీద నిలబెట్టండి. లోపమున్న కాపీలను మార్చి ఇవ్వాలన్న మాట ఆర్డరులోనే ఉండాలి.

మన పుస్తకం ఒక్కోటి దాదాపు 240 గ్రాములు, 500 కాపీలు 120 కిలోలు. నేల మీద కాకుండా చెక్క బల్ల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. చెదలు నేల నుంచీ గోడ నుంచీ వస్తాయి. పుస్తకాలను నిలబెట్టకుండా పడుకోబెట్టి పేర్చండి.

వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమర గ్రంథాలయానికి, ముంబయిలోని సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ప్రచురణకర్త సొంత ఖర్చుతో కాపీ పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. సొంతంగా వేసుకున్న రచయితే ప్రచురణకర్త కాబట్టి ఆ నాలుగు కాపీలను మొదటి కట్ట విప్పినప్పుడే పక్కన పెట్టేయండి. తుది పీడీఎఫ్, డీటీపీ సెంటరు నుంచి ఓపెన్ ఫైలు, అట్ట ఫైలు మూడూ తీసుకుని రెండు చోట్ల దాచండి. రెండో ముద్రణకు ఆ ఫైళ్లే కావాలి, వాటితోపాటు మొదటి పాఠకులు పెన్నుతో గుర్తుపెట్టి పంపిన అచ్చుతప్పుల కాపీ కూడా.